ఒక్క పొట్లం చాలు

శనివారం పొద్దున్న గొడవ మసిగుడ్డ దగ్గర మొదలైంది.

మా వీధికి కరెంటు ఐదింటికి వచ్చి తొమ్మిదికి పోతుంది. ఆ నాలుగు గంటల్లోనే నీళ్ల మోటారు, ఇస్త్రీ, కుక్కరు అన్నీ తెమలాలి. అమ్మకు మాత్రం కుక్కర్ అన్నం గిట్టదు. గ్యాసు మీద గిన్నెలో వండి గంజి వారుస్తుంది. ఆ రోజు గిన్నె దించుతుంటే ఆమె చేతిలో కొత్త మసిగుడ్డ కనిపించింది. ఆకుపచ్చ గుడ్డ, మధ్యలో తెల్ల చార. మా ఆయన పళ్లు తోముకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

“అత్తా, అది ఏటి?” అన్నాడు, నోట్లో నురగతోనే.

“మసిగుడ్డ బాబూ.”

“కాదు. అది నా సైప్రస్.”

మా ఆయన పేరు వల్దేసిర్. ఇంట్లోనూ చర్చిలోనూ అందరికీ వల్దీ. బ్రెజిల్‌లో చెరకు మిల్లు ఉన్న ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్‌గా పంతొమ్మిదేళ్లలో పద్నాలుగు క్లబ్బులకు ఆడాడు. సొంత దేశంలో ఐదు, పోర్చుగల్‌లో రెండు, సైప్రస్‌లో ఒకటి, వియత్నాంలో రెండు, ఢాకాలో ఒకటి, థాయ్‌లాండ్‌లో రెండు. చివరిది ఇక్కడ, బర్మాలోని యాంగోన్‌లో. మా నాన్నగారు అద్దెకిచ్చిన గదిలో దిగి, ఏడాది తిరక్కుండా ఆయన అల్లుడయ్యాడు. తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాడు. అందుకే పాస్టరుగారిని కూడా నువ్వనే అంటాడు.

ఆడిన ప్రతి క్లబ్బు నుంచీ ఒక్కో జెర్సీ దాచుకున్నాడు. అవి మా మంచం కింద రేకు పెట్టెలో ఉంటాయి. వానాకాలంలో బూజు పడుతుందని అమ్మ వాటిని ఎండేయడానికి తీసింది. తీసినవాటిలో ఒకటి తిరిగి పెట్టెలోకి వెళ్లలేదు.

“పద్నాలుగున్నాయి కదా. ఒకటి తీస్తే ఏటైపోద్ది?” అంది అమ్మ. “సైప్రస్‌లో ఒక్క గోలూ కొట్టనేదని నువ్వే సెప్పినావు. గోలు కొట్టినవి నాను ముట్టనేదు. సూసి సూసి తీసినాను.”

“ఆరు మ్యాచ్‌లు ఆడాను అత్తా. ఆరు!”

“ఆరాడి ఒక్కటీ కొట్టని సొక్కా పెట్టిలో ఉంటే ఏటి, గిన్ని మీద ఉంటే ఏటి? ఇక్కడైతే రోజూ పన్జేస్తాది.”

స్కూలు బూట్లు కట్టుకుంటున్న మా లూసీ పకపకా నవ్వింది. దానికి పన్నెండేళ్లు. “పపాయ్, అమ్మమ్మ చెప్పింది కరెక్టే. సైప్రస్ ఇప్పటికి ఫామ్‌లోకి వచ్చింది.”

అడక్కుండా కోయడం తప్పని అమ్మతో అన్నాను. నురగ కారుతుండగా అరవడం కూడా తప్పేనని ఆయనతో అన్నాను. ఇద్దరికీ నా మీద కోపం వచ్చింది. అయినా మామూలు రోజైతే ఆయన ఇలాంటివి నవ్వి వదిలేస్తాడు. ఆ పొద్దున్న నవ్వలేదు. ఎందుకో మాకందరికీ తెలుసు. హాల్లో మేకుకి ఇంకో జెర్సీ వేలాడుతోంది. కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా తీయనిది. దాని వీపు మీద తొమ్మిది.

ఫుట్‌బాల్ తెలియనివాళ్లకు చెప్పాలంటే, తొమ్మిది అనేది జట్టులో ముఖ్యమైన ఫార్వర్డ్ వేసుకునే అంకె. పద్నాలుగు క్లబ్బుల్లోనూ అది ఎప్పుడూ ఇంకొకరిదే. ఈయనకు పంతొమ్మిదో, పదిహేడో, ఇరవై మూడో దక్కేవి. రేకు పెట్టె మొత్తం గాలించినా ఒక్క తొమ్మిది లేదు.

మూడేళ్లుగా ఆయన ఒక చిన్న క్లబ్బుకు కోచ్. ఆదివారం సీజన్‌లో చివరి మ్యాచ్. గెలిస్తే జట్టు ఉన్నచోట ఉంటుంది, లేకపోతే కింది డివిజన్‌కి జారిపోతుంది. మంగళవారం సాయంత్రం క్లబ్బు యజమాని నాలుగంతస్తులూ ఎక్కి మా ఇంటికి వచ్చాడు. ఇద్దరు ఫార్వర్డ్‌లు పని వెతుక్కుంటూ సరిహద్దు దాటి వెళ్లిపోయారు. మిగిలింది భాస్కర్ ఒక్కడు. మంచి కుర్రాడేగాని ఈ సీజన్‌లో కొట్టినవి మూడు గోల్స్. అందుకని కోచ్‌నే ఆటగాడిగా రాయించి, కార్డు కూడా చేయించేశానన్నాడు యజమాని.

“సయా దిగుతున్నాడంటే జనం వస్తారు. ఇరవై నిమిషాలు నిలబడితే చాలు,” అన్నాడు. ఇక్కడ గురువునైనా కోచ్‌నైనా సయా అంటారు. “గెలిస్తే ఇంకో రెండేళ్లకు నువ్వే కోచ్. ఓడిపోతే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు.”

ఆ జెర్సీ మేకుకి తగిలించి వెళ్లాడు. అప్పటినుంచీ మా ఆయన హాల్లో నడుస్తుంటే కళ్లు దాని మీదికే పోతున్నాయి. లూసీ బడిలో అందరికీ చెప్పేసింది. అమ్మ కూడా, “ఆడనీవే. మనిసికి ఆశుంటాది,” అంది. నా కళ్లు మాత్రం ఆయన మోకాలి మీదికే పోయేవి. ఆయన ఎడమ మోకాలికి రెండుసార్లు ఆపరేషనయింది. అది చాలదన్నట్టు, ఉన్న చోటు ఒక్కటే, ఆయన దిగితే భాస్కర్ పేరు తీసేయాలి.

శనివారం టీ తాగాక నేను అడిగాను. “ఈసారి ఎన్ని?”

ఆయన గ్లాసు కిందపెట్టాడు. “ఒక్క పొట్లం చాలు,” అన్నాడు.

ఆ పొట్లాల సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ల కిందట ఆయన ఇక్కడి క్లబ్బులో ఆడుతున్నప్పుడు, ఒక శనివారం బూట్లు కట్టుకుని మైదానం గోడ దగ్గరికి వెళ్లాడు. రేపటి ఆటగాళ్ల పేర్లు అక్కడ ఒక కాగితం మీద అతికిస్తారు. తన పేరు లేదు. రాసేవాడు మరిచాడనుకుని గంటసేపు బూట్లతోనే కూర్చున్నాడు. చివరికి జెర్సీలు ఉతికే ముసలాయన వచ్చి, “నీ పేరు లేదు బాబూ, ఇంటికెళ్లు,” అన్నాడట. ఆ తర్వాత ఏ కాగితం మీదా ఆయన పేరు రాలేదు. అంతకుముందు వారం ఆడినదే తన చివరి మ్యాచ్ అని ఆడుతున్నప్పుడు ఆయనకు తెలీదు.

కోచ్ అయ్యాక ఆయన గోడకు కాగితం అతికించడం మానేశాడు. ఎవరి పేరు తీసేస్తే వాళ్లింటికి తనే వెళతాడు. ఉత్త చేతులతో వెళ్లకూడదని మా అమ్మ నేర్పింది కాబట్టి నేను చేసిన కొబ్బరుండలు పట్టుకెళతాడు. మా ఊళ్లో పాల ప్యాకెట్టు నుంచి శుభలేఖ దాకా అన్నీ బాల్కనీ తాడుకు కట్టి పైకి లాక్కుంటాం. ఈ పొట్లం మాత్రం తాడు మీద వెళ్లకూడదు, మెట్లెక్కి చేతికివ్వాలి. ఆ ఇంట్లో ఏం పెడితే అది తినాలి. తిన్నాక, ఎంగిలి చెయ్యి ఆరకముందే చెప్పాలి. చెయ్యి కడుక్కుంటే లేచి వెళ్లిపోవాలనిపిస్తుందంటాడు. చెప్పే మాట కూడా ఒకటే. “రేపటి కాగితంలో నీ పేరు లేదు. ఎంచుకున్నది నేను. ఏమన్నా అనాలంటే ఇప్పుడే అను.”

మొదటిసారి గోల్‌కీపర్ ఇంటికి నది అవతలి ట్వంటే ఊరి దాకా వెళ్లాడు, పడవా బస్సూ పట్టుకుని. కోచ్ అంతటివాడు పొట్లం పట్టుకుని వచ్చాడంటే జట్టులో ఏ కుర్రాడికో తన పెద్దకూతుర్ని అడగడానికేననుకుంది ఆ తల్లి. కోడిని కోసింది. చుట్టుపక్కల నలుగుర్ని పిలిచింది. ఈయన కోడికూర అంతా తిని, కొడుకు రేపు ఆడడం లేదని చెప్పాడు. ఆవిడ ముందు ఏడ్చి, తర్వాత నవ్వి, వచ్చేటప్పుడు మట్టికుండ ఒకటి చేతిలో పెట్టింది. మా తాగే నీళ్లు ఇప్పటికీ అందులోనే. జట్టులో కుర్రాళ్లకు అదో హాస్యం. పొట్లానికి భయపడి, సయా మోకాలు ఎక్కలేని ఆరో అంతస్తులో అద్దెకు దిగుతామంటారు.

కొబ్బరికాయల కోసం బజారుకు వెళ్లాను. పువ్వుల దగ్గర సింహాచలమ్మ కనిపించింది. భాస్కర్ తల్లి. వాళ్లది గంజాం వైపు కుటుంబం.

“అమ్మాయ్ ఫెయిత్! మీ అమ్మ విక్టోరియక్క బాగుందేటి?” అంటూ చెయ్యి పట్టుకుంది. “రేపు మా బాస్కరం ఆట సూడ్డానికి పదకొండు మందిమి వొస్తన్నాం. మింగళాడోన్ ఏర్‌పోర్టులో ఆడు పన్జేసే కార్గో సెడ్డు కుర్రోళ్లు బస్సు మాటాడినారు. నాను ఇంతవరకు ఒక్కపాలీ సూడనేదమ్మా. ఆడికి దెబ్బ తగిలితే సూడనేననీసి.”

“మరి ఇప్పుడు?”

“సివరి ఆటంట కదా. బయమేస్తే కళ్లు మూసుకుంటాను.” పువ్వులు సంచిలో వేసుకుంటూ నవ్వింది. “మూడేళ్లయింది, నీ సేతి కొబ్బరుండలు మా గడప తొక్కనేదు. తొక్కకూడదనీసి అప్పన్నకి మొక్కుకున్నాను. ఏటనుకోకు. బాగా సేస్తావని అందరూ అంటారు.”

నా సంచిలో అప్పటికే రెండు కొబ్బరికాయలున్నాయి. వాటి మీదికి గోంగూర కట్ట జరిపాను.

ఇంటికి వచ్చి కొబ్బరి కోరాను. తాటిబెల్లం పాకం పట్టి, ఏలకులు దంచి వేశాను. ప్రతి పొట్లానికి ఏడు ఉండలు. ఐదైతే పిసినారితనం, తొమ్మిదైతే ఆకులో ఇమడవు. ఆ రోజు ఏడూ సమానంగా రాలేదు. రెండింటిని విడదీసి మళ్లీ చుట్టాను. ఏ తప్పూ లేని మనిషి నోట్లో మట్టి కొట్టే పొట్లమైనా సరే, అది నా చేతి పొట్లమే కదా. అరిటాకులో చుట్టి, పైన కాగితం వేసి, దారంతో రెండు ముళ్లు వేశాను.

ఒంటిగంటకు ఆయన ప్రాక్టీసుకు బయల్దేరుతూ వచ్చి పొట్లం తీసుకున్నాడు.

“భాస్కర్ వాళ్లమ్మ బజార్లో కనిపించింది,” అన్నాను.

“ఏమంది?”

“రేపు పదకొండు మంది వస్తున్నారట. బస్సు మాట్లాడుకున్నారు.”

ఆయన పొట్లం సంచిలో పెట్టి జిప్పు వేశాడు. తీసి మళ్లీ వేశాడు.

“మోకాలు ఎన్ని నిమిషాలకు ఒప్పుకుంది?” అన్నాను.

“యజమాని ఇరవై అన్నాడు.”

“యజమానిని అడగలేదు.”

“మోకాలు ఇరవై అంటోంది. నేను తొంభై అంటున్నాను,” అని కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు. “ఫెయిత్, ఇదే చివరిదని తెలిసి ఆడే మ్యాచ్ ఒక్కటి కావాలి. అంతే. ఒక్కటి.”

తొమ్మిదేళ్లుగా ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. వద్దంటే ఆయన మానేస్తాడని నాకు తెలుసు. కానీ నా మాట మీద మానేస్తే, ఆ తొమ్మిదో నంబరు జన్మంతా మా ఇద్దరి మధ్య వేలాడుతుంది.

“ఉండలు ఏడూ సమానంగానే ఉన్నాయి. తలకిందులుగా పట్టుకోకు,” అన్నాను.

ఆయన మెట్లు దిగుతుంటే విన్నాను. కుడికాలు చప్పుడు గట్టిగా, ఎడమకాలిది మెత్తగా. హాల్లోకి వచ్చి చూస్తే మేకు ఖాళీగా ఉంది. జెర్సీ కూడా పట్టుకెళ్లాడు. ప్రాక్టీసులో వేసి చూసుకోవడానికనుకున్నాను.

మధ్యాహ్నం అమ్మ ఆకుపచ్చ మసిగుడ్డ ఉతికి బాల్కనీలో ఆరేసింది. వాన జల్లు వస్తే పరిగెత్తి లోపలికి తెచ్చింది. “పోనీ, ముక్కలు కలిపి కుట్టీనా?” అంది ఒకసారి. గుండ్రంగా కోసిన గుడ్డ మళ్లీ చొక్కా ఎలా అవుతుందని అడిగాను. “నిజమేలే. అయినా సైప్రస్ ఎక్కడుందో కూడా నాకు తెల్దు. ఇంత బాదపడతాడనుకోనేదు,” అంది. బొచ్చెచేప పులుసు పెట్టి, గోంగూర నూరి, అన్నం ఆలస్యంగా వార్చింది, అల్లుడు వచ్చేసరికి వేడిగా ఉండాలని.

ఆరు దాటాక మెట్ల మీద అడుగులు వినిపించాయి. గట్టిగా ఒకటి, మెత్తగా ఒకటి. నాలుగో అంతస్తుకు వచ్చి ఆగాయి. తాళం చెవి చప్పుడు కోసం చూశాను. బదులుగా ఎవరో తలుపు కొట్టారు.

లూసీ వెళ్లి తలుపు తీసింది. “పపాయ్? తాళంచెవి పోగొట్టావా?”

“లేదు.”

చెప్పులు బయట వరసగా విడిచి నిలబడ్డాడు. చొక్కా మడతలు సరిచేసుకున్నాడు. కుడిచేతిలో పొట్లం ఉంది. ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి, ఇక్కడివాళ్లు పెద్దలకిచ్చేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నేరుగా మా అమ్మ దగ్గరికి వెళ్లి ఆమెకు ఇచ్చాడు.

అమ్మ పొట్లం వైపూ నా వైపూ చూసింది. రెండు ముళ్లు నావే, విప్పలేదు. భాస్కర్ ఇంట్లో లేడా, మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడా? అడగబోయి ఆగాను. వచ్చినవాళ్లకు ముందు అన్నం పెట్టాలి.

“కూకో బాబూ,” అంది అమ్మ, చాలా మెల్లిగా. పొట్లాన్ని కంచాల పక్కన పెట్టింది.

నలుగురం కూర్చున్నాం. ఆయన గోంగూర కలుపుకుని, “బాగుంది అత్తా,” అన్నాడు. పులుసు పోసుకుని, చేపముక్క ముల్లు తీసుకుని తిన్నాడు. మా ఇంట్లో ఆయన ఇంత మర్యాదగా ఎప్పుడూ తినలేదు. రోజూ అన్నంలో పప్పు చూడగానే, తమ దేశంలోనూ ఇదే తిండి కాబట్టి తెలుగువాళ్లంటే బంతి పారేసుకున్న బ్రెజిల్ వాళ్లేనని ఒక జోకు వేస్తాడు. ఆ రోజు అది కూడా లేదు.

“పపాయ్, రేపు నువ్వు ఫస్ట్ హాఫ్‌లోనా, సెకండ్ హాఫ్‌లోనా? మా క్లాసులో అందరూ...” అని లూసీ మొదలుపెట్టింది.

“తిననీయే, గుంటా,” అంది అమ్మ.

లూసీ పొట్లం వైపు చూసింది. తర్వాత ఖాళీ మేకు వైపు చూసింది. దాని ముఖం మారిపోయింది. పొట్లాల పద్ధతి మా ఇంట్లో పుట్టిందే, దానికి ఒకరు చెప్పక్కర్లేదు.

అమ్మకు కంచంలో అన్నం అయిపోయింది. లేవబోతుంటే ఆయన ఆపాడు. ఎడమచేత్తో ఆకుపచ్చ మసిగుడ్డ తీసుకుని, దాన్ని ఒకసారి చూసి, రెండుగా మడిచి గిన్నె అంచు పట్టుకుని దగ్గరికి జరిపాడు. గరిటెతో అమ్మకు వడ్డించాడు. గిన్నె ఇంకా కాలుతూనే ఉంది.

“పన్జేస్తంది అత్తా,” అన్నాడు.

“సెప్పినాను కదా,” అంది అమ్మ. కానీ కళ్లెత్తలేదు.

ఆయన కంచంలో చివరి ముద్ద కూడా అయింది. చెయ్యి కడుక్కోలేదు. మెతుకులంటిన వేళ్లు కంచం అంచుకి ఆనించి, ముందు లూసీని, తర్వాత అమ్మను, చివర నన్ను చూశాడు. ఒంటిగంటకు గుమ్మంలో నిలబడి ఒక్కటి కావాలన్న మనిషే.

“ప్రాక్టీసయ్యాక కార్గో షెడ్డుకి వెళ్లాను. తొమ్మిదో నంబరు భాస్కర్‌కి ఇచ్చేశాను. యజమానికి కూడా చెప్పాను. ఓడిపోతే ఏమవుతుందో నాకు తెలుసు,” అన్నాడు. ఊపిరి తీసుకుని, ఇరవై ఇళ్లలో చెప్పిన మాటనే మా ఇంట్లో చెప్పాడు.

“రేపటి కాగితంలో వల్దీ పేరు లేదు. ఎంచుకున్నది నేను. ఏమన్నా అనాలంటే ఇప్పుడే అనండి.”